బొగ్గు లాబ్‌లో తామ్ర భస్మం

లాబ్‌లో కొత్తగా చేరిన పిల్లలు కూరగాయల మార్కెట్‌లో నన్ను పట్టుకుని, "మేడమ్, దినాం బొగ్గు కాల్చుడు, బూడిద తూచుడేనా? ఇంకేం ఉండదా?" అని మొహాలు వేలాడేస్తుంటారు. ఉండదు నాయనా. నేను గోదావరిఖనిలో రిటైరయ్యే దాకా అదే చేశాను. వ్యాగన్ల నుంచి తెచ్చిన బొగ్గును పొడి చేయడం, తూచడం, ఫర్నేస్‌లో కాల్చడం, మిగిలిన బూడిదను మళ్ళీ తూచడం. బూడిద తక్కువైతే మంచి బొగ్గు, ఎక్కువైతే నాసి బొగ్గు. ఇందులో కథలేముంటాయని మీరు అనుకోవడంలో తప్పు లేదు. కానీ బూడిదే అసలు సరుకు అని నమ్మే మనిషి ఒకాయన మాకు ఆఫీసరుగా వచ్చారు. ఆయన పుణ్యమా అని మా లాబ్‌లో కొన్నాళ్ళు ఆవు పంచితం వాసన వచ్చింది, మేము బంగారం తీస్తున్నామని ఊళ్ళో పుకారు పుట్టింది, ఒక మనిషి ప్రాణం ఇరకాటంలో పడింది. ఆ సంగతి చెబుతాను, కాస్త ఫోన్లు పక్కన పెట్టండి.

సారుది కోస్తా. మందమర్రి నుంచి బదిలీ మీద వచ్చేటప్పటికే రిటైర్మెంటు దగ్గర పడింది. మాట మెత్తన, నడక మెత్తన. కోపం వస్తే గొంతు పెంచరు, "చూడండమ్మా" అని మొదలుపెడతారు. ఆ "చూడండమ్మా" వినిపిస్తే మేమంతా ఏదో ఒక పని ఉందని లేచిపోయేవాళ్ళం. ఆయన తాతగారు రసవైద్యుడట, లోహాలను కాల్చి భస్మాలు తీసి మందుగా ఇచ్చేవాడట. తండ్రి ఆ విద్య కూడు పెట్టదని గుమాస్తాగిరీకి పోయాడు. మనవడు కెమిస్ట్రీ చదివి బొగ్గులో పడ్డారు. చిన్నప్పుడు తాత పక్కన కూర్చుని కల్వంలో మందు నూరిన చేతులతో ఒక్క భస్మం కూడా తీయకుండానే ఉద్యోగం అయిపోతోందని ఆయనకు లోపల పెద్ద దిగులు.

ఇంకొకడు అన్న. తోడబుట్టినవాడు కాదు, మా సాంప్లర్. బొగ్గు వ్యాగన్ల మీదికి ఎక్కి నమూనా తీసుకొచ్చేవాడు. నేను ఉద్యోగంలో చేరిన రోజున "చెల్లె, గాలికి ఎదురుగ నిలబడకు, దుమ్మంత నీ మొహానికే" అని చెప్పిన మనిషి. అప్పటి నుంచి నాకు అన్న, వాళ్ళింటామె వదిన. ఆ చలికాలంలో అన్నకు దగ్గు పట్టుకుంది. మెట్లెక్కితే దమ్ము. వ్యాగన్ దిగి వచ్చి గోడకు చేరబడి, మాట్లాడటానికి ముందు కాసేపు ఊపిరి కూడదీసుకునేవాడు.

"దవాఖానకు పో అన్నా, ఎక్స్‌రే తీయించుకో" అని నేను ఎన్నిసార్లు మొత్తుకున్నానో.

"ఫోటో తీస్తే ఏదో ఒకటి బయటపడ్తది చెల్లె. మా పెద్దన్న మంచిగనే తిరుగుతుండె. ఫోటో తీసినంక మంచంల పడ్డడు, మల్ల లేవలె. దుమ్ము ఇది, తగ్గిపోతది. నువ్వు ఫికర్ చెయ్యకు."

మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు కదా, నేనేం చేయను?

మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలు విప్పగానే సారు పాఠం మొదలయ్యేది. "మన పాతవాళ్ళకు ముందు బంగారం పిచ్చి పట్టిందమ్మా. రాగినీ సీసాన్నీ బంగారం చేయాలని పాదరసం వెంట పడ్డారు. శ్రీశైలం కొండల్లో చేరి కొలిములు ఊదారు. బంగారం వచ్చిందో లేదో దేవుడికెరుక. కానీ ఆ పొగలో వాళ్ళకు ఒక ఆలోచన తట్టింది. చిలుము పట్టే లోహాన్ని మార్చగలిగిన మందు, ముసలితనం పట్టే ఒంటిని మాత్రం ఎందుకు నిలబెట్టదు? అలా బంగారం కోసం పుట్టిన విద్య వైద్యంలోకి వచ్చి చేరింది. అయితే ఒక కట్టుబాటు పెట్టుకున్నారు. ముందు లోహం మీద చూడాలి, ఆ తరవాతే మనిషి మీద."

నాకు ఆ కట్టుబాటు నచ్చింది. మిగతావి వింటూంటే పప్పు చల్లారిపోయేది.

"భస్మం మంచిగ అయిందో లేదో ఎట్ల తెలుస్తది సార్?" అని అన్న అడిగాడు ఒకరోజు, దగ్గు ఆపుకుంటూ.

సారు ముద్ద కిందపెట్టి మరీ చెప్పారు. రెండు వేళ్ళ మధ్య రుద్దితే వేలి గీతల్లో దూరిపోవాలట. నీళ్ళ మీద చల్లితే తేలాలట. ఎండలో పెడితే మెరుపు కనబడకూడదట. "రాగికి ఇంకొకటి ఉంది. పెరుగులో కలిపి ఉంచాలి. ఆకుపచ్చగా మారకపోతే సరే. పచ్చబడిందా, లోపల రాగి ఇంకా బతికే ఉన్నట్టు. చావని రాగి కడుపులోకి పోతే విషం. వాంతులు, తల తిప్పు, కాలేయం పాడు." ఇంత చెప్పి అన్న వైపు తిరిగారు. "మీ దగ్గుకి తామ్ర భస్మం బ్రహ్మాస్త్రమండీ. మా తాతగారు ఆయాసానికి అదే ఇచ్చేవారు. నేను తీసిపెడతాను."

అన్న మొహం వెలిగిపోయింది. ఎక్స్‌రే తప్పిందన్న సంతోషమో, ఆఫీసరు తన కోసం మందు చేస్తానన్న సంబరమో నాకు అప్పుడు తెలియలేదు. మర్నాడే ఇంట్లోంచి రాగి చెంబు పట్టుకొచ్చి సారు బల్ల మీద పెట్టాడు.

ఆ మర్నాడు వదిన వచ్చింది. లాబ్ తలుపు దగ్గర చెప్పులు కూడా విప్పకుండా కొంగు నడుముకు దోపి నిలబడింది.

"నా తల్లిగారిచ్చిన చెంబు ఏది? ఈయన సైకిల్‌కు తగిలేసుకుని తెచ్చిండని పక్కింటామె చెప్పింది. సారూ, మీరు పెద్ద ఆఫీసర్లు. మీ ఇంట్ల చెంబు లేకపోతే నన్ను అడుగుండ్రి, బజార్ల కొనిస్త!"

అప్పటికే చెంబు చెంబుగా లేదు. సారు దాన్ని కోసి, సుత్తితో పలచని రేకులుగా కొట్టించారు. ఆ రేకులను చూపించి, "అమ్మా, మీ చెంబు మీ ఆయన ఊపిరి కోసం త్యాగం చేసిందనుకోండి" అన్నారు.

"త్యాగం చేస్తనని అది చెప్పిందా సారూ? దానికి నోరు లేదు, నాకు ఉన్నది గద! నన్నొక మాట అడగద్దా?"

నేను నవ్వు ఆపుకోలేక వరండాలోకి పారిపోయాను.

ఇక శుద్ధి. రేకులను ఎర్రగా కాల్చి నూనెలో ముంచాలి, మళ్ళీ కాల్చి మజ్జిగలో, మళ్ళీ కాల్చి గంజిలో, ఉలవల కషాయంలో, ఆవు పంచితంలో. పంచితం తెచ్చే పని అన్నదే. మా సాంప్లర్లకు చేతిలో ఏది ఉన్నా ఒక నంబరు చీటీ కట్టడం అలవాటు. అన్న ఆ డబ్బాకూ చీటీ కట్టి మామూలుగా నమూనాలు పెట్టే అరలో పెట్టాడు. చీటీ ఉంది కాబట్టి అది తిన్నగా నా టేబుల్ మీదికి వచ్చింది, తేమ ఎంతుందో చూడమని. మూత తీశాను. ఆ పూట అన్నను నేను అన్న మాటలు ఇక్కడ చెప్పలేను.

రేకులు, డబ్బాలు, సారు తలుపు మూసుకుని సుత్తి దెబ్బలు కొట్టడం, ఇవన్నీ కలిసి బజారుకెక్కాయి. బొగ్గు లాబ్‌లో రాగిని బంగారం చేస్తున్నారట! బంగారం పని చేసే ఒక అవుసలాయన తెల్లచొక్కా వేసుకుని నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. కళ్ళు లాబ్ లోపలే తిరుగుతున్నాయి. "అక్కా, ఏమనుకోకు, జర పసిడి చూపిస్తే రాయి మీద గీసి చెప్త, ఎంత మచ్చో" అన్నాడు. బూడిద చూపించాను. "పైకి గట్లనే చెప్తరు లే" అని కన్ను కొట్టి వెళ్ళిపోయాడు.

శుద్ధి అయిన రాగిని గంధకంతో, నిమ్మరసంతో కలిపి నూరి, మట్టి మూకుళ్ళ మధ్య పెట్టి, గుడ్డా మట్టీ చుట్టి కాల్చాలి. దాన్నే పుటం పెట్టడం అంటారు. పుటానికి గొయ్యి తవ్వి పిడకలు పేర్చాలన్నారు సారు. బొగ్గు గుట్టలకు కూతవేటు దూరంలో పిడకల మంటా? "సార్, ఈ మంట అంటుకుంటే మనందరి ఉద్యోగాలు భస్మం" అన్నాను. సారు ఆలోచనలో పడ్డారు. వెనక గదిలో పనికిరాదని పక్కన పడేసిన పాత ఫర్నేస్ ఒకటి ఉండేది. దాన్ని బాగుచేయించి అందులో పెట్టారు.

అక్కడే మా బొగ్గువాళ్ళ అలవాటు కొంప ముంచింది. మేము ఒకసారి కాల్చి తూస్తాం, మళ్ళీ కాసేపు కాల్చి తూస్తాం, బరువు మారలేదంటే పని అయిపోయినట్టు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో సారు చేతికి పట్టిన అలవాటు అదే. రాగిని కాల్చారు, తూచారు, మళ్ళీ కాల్చారు, తూచారు. బరువు నిలిచింది. "అయిపోయిందమ్మా!" అని చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. మూకుట్లో నల్లటి మెత్తటి పొడి.

గురువారం మంచిదని ఆ ఉదయం ముహూర్తం పెట్టారు. వదిన తేనె సీసా, టిఫిన్ గిన్నె పట్టుకుని వచ్చింది. వెనక గదిలో మేము నలుగురమే ఉన్నాం. సారు పొడిని వేళ్ళ మధ్య రుద్ది చూపించారు, గీతల్లో దూరింది. నీళ్ళ మీద చల్లారు, తేలింది. కిటికీ దగ్గర ఎండలో పట్టుకున్నారు, మెరుపు లేదు. తేనె గిన్నెలోకి తీసి చిటికెడు పొడి వేయబోయారు.

"సార్, పెరుగు?" అన్నాను.

"చూడండమ్మా. బరువు నిలిచింది కదా. ఇంక మిగిలిందేముంటుంది?"

"నిలిచింది మన బొగ్గు లెక్కకు సార్. ఇది బొగ్గు కాదు. మీరే చెప్పిన్రు, పచ్చబడితే విషమని."

"మా తాతగారి విద్య మీద మీకు నమ్మకం లేదన్నమాట."

"తాతగారి మీద ఉన్నది సార్. పెరుగుల వెయ్యమన్నది ఆయనే గద!"

సారు మొహం ఎర్రబడింది. అన్న మధ్యలో కల్పించుకుని, "ఉండనీ చెల్లె, సారు మీద నాకు నమ్మకం ఉన్నది" అని చేయి చాపాడు. నాకు ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది, దాచుకోవడమెందుకు. అసలే ఊపిరాడని మనిషి, ఆ పొడి కడుపులో పడితే తట్టుకుంటాడా?

అప్పుడు వదిన నోరు విప్పింది. అరవలేదు, మామూలుగానే అంది. "సారూ, మందు గంత మంచిదైతే ముందుగాల మీరు తినుర్రి. నా కండ్ల ముందట."

సారు ఒక్క క్షణం కూడా ఆగలేదు. "న్యాయమేనమ్మా" అని తేనెలో పొడి కలిపి వేలితో తీసి నోటి దగ్గరికి తీసుకెళ్ళారు. అన్న ఒక్క ఉదుటున లేచి ఆ చెయ్యి పట్టేసుకున్నాడు.

"వద్దు సార్! మీకేమన్న అయితే?"

వదిన మొగుడి వైపు తిరిగి అడిగింది. "సారుకు ఏమన్న అయితే అంటున్నవు. మరి నీకైతే?"

అన్న తల వంచుకున్నాడు. "నాకు ఎట్లనన్న అయ్యేదే గదనే. ఫోటోల ఏమస్తదో నాకు ఎర్కే. పెద్దన్నకు అచ్చిందే అస్తది. ఎట్లాగు పోయేటోన్ని, సారు ముచ్చటన్న తీరుతదని..." మాట పూర్తి చేయలేక దగ్గులో పడిపోయాడు.

వదిన ఏడవలేదు. వీపు మీద ఒక్కటి చరిచి, ఆ చెయ్యి అక్కడే ఉంచి రాస్తూ ఉండిపోయింది. సారు వేలి మీది తేనెను రుమాలుకు తుడుచుకున్నారు. తరవాత నా వైపు చూసి, "పెరుగు ఉందా అమ్మా?" అన్నారు.

వదిన తెచ్చిన టిఫిన్ గిన్నెలోనే ఉంది. పింగాణీ గిన్నెలో నాలుగు చెంచాలు వేసి చిటికెడు పొడి కలిపి సారు తన బల్ల మీదే పెట్టుకున్నారు. వదిన ఇంటికి పోనంది. ఫస్ట్ షిఫ్టు నడుస్తున్నంతసేపూ నేను బొగ్గు తూస్తూ ఆ గిన్నె వైపు చూడటం, అది ఇంకా మబ్బు రంగులోనే ఉండటం. మధ్యలో సారు పదిసార్లు కళ్ళజోడు తుడుచుకున్నారు. షిఫ్టు మారే వేళకు గిన్నె అంచుల దగ్గర సన్నగా పచ్చదనం మొదలైంది. చూస్తుండగా పెరుగంతా కొత్తిమీర పచ్చడి అయింది.

"చావలేదమ్మా" అన్నారు సారు. "తాతగారు ఒక్కో పుటం తరవాత తీసి మళ్ళీ నూరేవారు, మళ్ళీ పెట్టేవారు. నా చేతులు నొప్పి పుట్టి ఏడ్చినా నూరించేవారు. నేను బొగ్గును కాల్చినట్టు కాల్చేశాను. ఆ పరీక్ష ఎందుకు వదిలేశానో తెలుసా? తప్పుతానేమోనని."

అన్న మెల్లగా, "మల్ల కాల్చుండ్రి సార్. నేను ఆగుత" అన్నాడు.

"ఆగుతడట! దమ్ము ఆగుతదా?" అని వదిన విరుచుకుపడింది.

సారు లేచి స్కూటర్ తాళం తీసుకున్నారు. "మీరు ఆగితే ఆగుతారు, మీ జబ్బు ఆగదు. పదండి దవాఖానకి. నేనూ వస్తున్నాను."

పిల్లలూ, ఒక్క నిమిషం. చాలామంది ఈ సంగతి విని "చూశారా, పాత వైద్యమంతా ఉత్తదే" అంటారు. నాకు అట్లా అనిపించలేదు. ఆ గిన్నెలో ఓడిపోయింది పరీక్ష వద్దనుకున్న మనమే గానీ, ఎప్పుడో కొలిమి ముందు కూర్చుని ఈ పెరుగు ఉపాయం కనిపెట్టిన మనిషి కాదు. ఆ భస్మం సరిగా అయితే మాత్రం అన్న దగ్గు తగ్గేదా అంటే, అది నాకు తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే చెబుతాను.

దవాఖానలో ఎక్స్‌రే గది గుమ్మం దగ్గర అన్న మళ్ళీ మొరాయించాడు. కాలు ముందుకు పడదు. సారు నచ్చజెప్పారు, నేను తిట్టాను, వదిన నెట్టింది. చివరికి అన్నాడు కదా, "ముందుగాల మీరు తీయించుకోండ్రి సార్."

సారు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టారు. లోపలి నుంచి టెక్నీషియన్ వచ్చి, "ఎవలది చీటీ? మీది కాదు గద! ఇదేమన్న ఫోటో స్టూడియోనా, వరుసగ దిగుతరా?" అని గదమాయించాడు. సారు అట్లాగే విప్పిన గుండీలతో వెళ్ళి లైన్లో నిలబడి, డాక్టరుకు ఏం చెప్పుకున్నారో, తన పేరు మీద కూడా చీటీ రాయించుకుని వచ్చారు. లోపలికి వెళ్ళి వచ్చి, "పలక చల్లగా ఉంటుంది, అంతేనండీ. చూడండి, మంచంలో పడ్డానా?" అన్నారు. అన్నకు నవ్వొచ్చింది. నవ్వుతూనే వెళ్ళిపోయాడు లోపలికి.

సారు ఫిల్ములో ఏమీ లేదు. అన్నకు క్షయ. డాక్టరమ్మ మాత్రం ఏదో జలుబు సంగతి చెప్పినంత తేలిగ్గా, "మందులున్నయి, తగ్గుతది. ఒక్కరోజు కూడా తప్పద్దు. ఎవరన్న ఎదురుగా ఉండి మింగించాలె" అంది.

"నేను చెప్తే వినడు, సారు చెప్తేనే వింటడు" అంది వదిన.

ఇక చూడాలి సారు అవతారం. రోజూ పొద్దున డ్యూటీకి ముందు స్కూటర్ మీద అన్న క్వార్టర్‌కు పోయేవారు. గోళీల అట్టను తన చేత్తో చింపి, వాటిని అన్న అరచేతిలో పెట్టి, తూర్పు వైపు తిప్పి కూర్చోబెట్టి, మింగాక నోరు తెరిపించి చూసేవారు. వాన పడ్డా పోయేవారు. ఆయనకు జ్వరం వచ్చినా వదిలిపెట్టలేదు. మొదటి నెలల్లో గోళీలకు కడుపులో తిప్పుతోందని అన్న మొండికేస్తే, సారు బతిమాలి, కోప్పడి, మళ్ళీ బతిమాలి మింగించేవారు. అన్న మళ్ళీ డ్యూటీలో చేరాక లాబ్‌లోనే ఆ తంతు జరిగేది. కోర్సు పూర్తయి, డాక్టరమ్మ ఇక మందు అవసరం లేదన్న రోజున వదిన లాబ్ అందరికీ బూరెలు పంచింది.

కొన్నాళ్ళకు సారు రిటైరయ్యారు. వీడ్కోలు సభలో పెద్దవాళ్ళ ఉపన్యాసాలయ్యాక అన్న మైకు అడిగాడు. ఎప్పుడూ మైకు పట్టుకోనివాడు.

"నాకు దగ్గు పట్టి పోతనని అనుకున్న. సారు మందుతోటే బతికిన" అన్నాడు. జనం చప్పట్లు.

నేను ఊరుకోలేక లేవబోయాను. వదిన నా మోచేయి గట్టిగా గిల్లింది. కానీ సారు ఊరుకుంటారా? లేచి వచ్చి మైకు లాక్కున్నారు. "చూడండీ, అది అబద్ధం. నా మందు తింటే ఈయన ఈ రోజు ఈ సభలో ఉండేవాడు కాదు. అది దవాఖాన మందు. నాది కాదు."

అందరూ గొల్లున నవ్వారు. అన్న నవ్వలేదు. మైకు అవసరం లేకుండానే అందరికీ వినపడేటట్టు అన్నాడు. "మందు ఎవలదైతేంది సార్? హస్తవాసి మీదే గద."

ఆ మాట వైద్యుడితో అంటారు గానీ, బొగ్గు ఆఫీసరుతో ఎవరంటారు? సారు తన కుడిచేతిని ఒకసారి చూసుకుని, గబుక్కున జేబులో పెట్టేసుకున్నారు.